పాత పెళ్లి ఫొటో మీద గీతలు: స్నాప్‌సీడ్‌లో నాకు పని చేసిన పద్ధతి

అమ్మమ్మ పెళ్లి ఫొటోను ఫోన్‌తో తీసి, స్నాప్‌సీడ్ అనే ఫొటో ఎడిటింగ్ యాప్‌లో మచ్చలు, గీతలు చెరిపే హీలింగ్ టూల్‌తో గీతలు రుద్దితే గీతతో పాటు ఆవిడ ముక్కుపుడక కూడా అలికేసినట్టు అయిపోయేది. ఆటోమేటిక్ ఫిల్టర్లు, వేరే రెండు యాప్‌లు, స్టైలస్ పెన్ను, అన్నీ చూశాను, లాభం లేదు.

అసలు సంగతి బ్రష్ సైజు, అంటే వేలితో రుద్దినప్పుడు ఎంత వెడల్పు చెరుగుతుందన్నది. నేను వాడిన వెర్షన్‌లో హీలింగ్‌కి సైజు మార్చే ఆప్షన్ లేదు. స్క్రీన్ మీద బ్రష్ ఎప్పుడూ ఒకే వెడల్పు. అంటే ఫొటోను ఎంత జూమ్ చేస్తే బ్రష్ అంత సన్నబడినట్టు. ఇది తెలిశాక టెన్షన్ సగం తగ్గింది.

ముందు ఫొటోను అద్దం ఫ్రేములోంచి తీసి, ఫ్లాష్ లేకుండా కిటికీ పక్కన మళ్లీ తీశాను. బ్లాక్ అండ్ వైట్‌తో పసుపుదనం పోగొట్టాను. తర్వాత హీలింగ్ తెరిచి, రెండు వేళ్లతో అమ్మమ్మ ముఖం స్క్రీన్ నిండేదాకా జూమ్ చేశాను. గీతను ఒక్క ఊపున రుద్దకుండా, బియ్యపు గింజంత ముక్క చొప్పున, ప్రతిసారీ వేలు ఎత్తుతూ వెళ్లాను. తేడా వస్తే వెంటనే వెనక్కి బాణం నొక్కాలి, పది గీతలయ్యాక కాదు. ముఖానికే 40 నిమిషాలు పట్టింది. చివర్లో కాపీగా సేవ్ చేశాను, అసలు ఫొటో అలాగే ఉంది.

సన్నని గీతలకు, చిన్న మరకలకు ఇది బాగా పని చేసింది. తాతయ్య భుజం దగ్గర చెమ్మకు ఊడిపోయిన చోట మాత్రం కుదరలేదు. ఈ టూల్ పక్కనున్నదాన్ని తెచ్చి అతికిస్తుంది, పోయినదాన్ని తిరిగి తేలేదు. మీ ఫోన్‌లో మెనూ పేర్లు కొంచెం వేరుగా ఉండొచ్చు.