మాక్రో తేడా కొడితే ఎక్కడ వెతకాలి: మా బాబాయి టిక్కీల లెక్క సాక్షిగా

గుంటూరు మిర్చి యార్డ్‌లో కమీషన్ వ్యాపారం చేసే మా బాబాయికి కాటా తూకాలు కూడిపెట్టే చిన్న ప్రోగ్రామ్ కామన్ లిస్ప్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాశా. ఎక్సెల్‌లో అయిపోయే పనికి లిస్ప్ ఎందుకు అని మీరు అడగక్కర్లేదు, ఇంట్లో ఆల్రెడీ అడిగారు. ఫైల్లో లైన్‌కి ఒక టిక్కీ (మిర్చి బస్తా) తూకం, మొత్తం 120 లైన్లు. రన్ చేస్తే 60 టిక్కీలే లెక్కలోకొచ్చాయి, ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు. బాబాయి స్క్రీన్ చూసి "ఏరా, సగం కాయ ఎవడెత్తుకెళ్లాడ్రా" అన్నాడు.

రెండు రాత్రులు ఫైల్ చదివే ఫంక్షన్‌లో వెతికా, దాని పేరు బరువు-చదువు, పిలిచిన ప్రతిసారీ ఒక కొత్త లైన్ చదువుతుంది. తప్పు అక్కడ లేదు, 40 కిలోలు దాటితే ఒక కిలో తీసెయ్యడానికి రాసిన మాక్రోలో ఉంది. మాక్రో అంటే మనం రాసిన కోడ్ తీసుకుని, దాని బదులు వేరే కోడ్ పుట్టించేది. పేర్లు తెలుగులోనే పెట్టుకున్నా, నేను వాడే కామన్ లిస్ప్ కంపైలర్ ఎస్‌బీసీఎల్ తెలుగు లాంటి యూనికోడ్ అక్షరాల పేర్లు (సింబల్స్) తీసుకుంటుంది. మిగతా లిస్ప్ పదాలు అసలు కోడ్‌లో ఇంగ్లీషే, ఇక్కడ పలికినట్టే రాస్తున్నా.

(డెఫ్‌మాక్రో తరుగు (బ)
  `(ఇఫ్ (> ,బ 40) (- ,బ 1) ,బ))

చూడ్డానికి బంగారంలా ఉంది కదా. అందుకే మాక్రో తేడా కొట్టినప్పుడు మాక్రో కోడ్‌ని చూస్తూ కూర్చోకండి, అది పుట్టించిన కోడ్‌ని చూడండి. లిస్ప్ ప్రాంప్ట్ దగ్గర ఇలా కొట్టాలి, ముందున్న కోట్ గుర్తు మర్చిపోవద్దు:

(మాక్రోఎక్స్‌పాండ్-1 '(తరుగు (బరువు-చదువు)))

నాకు వచ్చింది ఇది:

(ఇఫ్ (> (బరువు-చదువు) 40)
    (- (బరువు-చదువు) 1)
    (బరువు-చదువు))

దొంగ దొరికాడు. మాక్రోకి విలువ వెళ్లదు, మీరు రాసిన ఫార్మ్ (కోడ్ ముక్క) ఉన్నదున్నట్టు వెళ్తుంది, బ్యాక్‌కోట్ (`) లోపల కామా ఎక్కడ పెడితే అక్కడల్లా అది మళ్లీ పడుతుంది. కండిషన్ దగ్గర ఒక లైన్ చదివింది, కింద లెక్కకి ఇంకో లైన్ చదివింది, అంటే ఒక టిక్కీ తూకం చూసి పక్క టిక్కీకి తరుగు తీస్తోంది! మందు ఏంటంటే విలువని ఒక్కసారే లెట్‌తో (వేరియబుల్ పెట్టేది) పట్టుకుని, ఆ తర్వాత అంతా ఆ వేరియబుల్‌నే వాడటం.

మాక్రోఎక్స్‌పాండ్-1 పేరులో ఆ ఒకటి ఎందుకంటే అది ఒక్క మెట్టే విప్పుతుంది. ఒకటి లేని మాక్రోఎక్స్‌పాండ్, పైన ఉన్నది మాక్రో కాకుండా పోయేదాకా విప్పుతూనే ఉంటుంది, వెన్, డూటైమ్స్ లాంటివి పైన ఉంటే వాటి పేగులు కూడా బయటపడి మీ తప్పు అందులో కలిసిపోతుంది. ఈమ్యాక్స్ ఎడిటర్‌లో స్లైమ్ (లిస్ప్ రాయడానికి వాడే టూల్) వాడేవాళ్లు ఫార్మ్ ఓపెన్ బ్రాకెట్ మీద కర్సర్ పెట్టి కంట్రోల్-సి కంట్రోల్-ఎమ్ నొక్కితే చాలు.

రెండో తలనొప్పి దీనికంటే ముదురు. ఫైల్ మొత్తం తిరిగే ప్రతి-టిక్కీకి అని ఇంకో మాక్రో ఉంది, బాడీ కోడ్ ఇస్తే టిక్కీ టిక్కీకి నడుపుతుంది. ఎన్ని టిక్కీలయ్యాయో లెక్కపెట్టడానికి అందులో మొత్తం అనే వేరియబుల్ పెట్టా. నెల తర్వాత ఆ సంగతి మర్చిపోయి, బయట నేను కూడా మొత్తం అనే పెట్టి మొత్తానికి బ కలపమని బాడీలో (ఇన్‌క్‌ఎఫ్ మొత్తం బ) రాశా, చివర్లో ప్రింట్ చేస్తే సున్నా. ఇది కూడా ఎక్స్‌పాన్షన్ చూస్తేనే తెలుస్తుంది, మాక్రో పెట్టిన లెట్ లోపల నా బాడీ కూర్చుని ఉంది, కిలోలన్నీ లోపలి మొత్తంలో పడుతున్నాయి, బయటిది అలాగే ఉంది. దీన్నే వేరియబుల్ క్యాప్చర్ అంటారు. జెన్‌సిమ్‌తో ఎవరూ టైప్ చేయలేని పేరు పుట్టించుకోవాలి:

(లెట్ ((లె (జెన్‌సిమ్)))
  `(లెట్ ((,లె 0)) ...))

జెన్‌సిమ్ పిలుపు బ్యాక్‌కోట్ బయట ఉండాలి, లోపల పెడితే మాక్రో విప్పేటప్పుడు కాకుండా ప్రోగ్రామ్ నడిచేటప్పుడు పిలుస్తుంది, అప్పుడు దానివల్ల ఏ ఉపయోగం లేదు. ఇంకోటి, ఎక్స్‌పాన్షన్‌ని కాపీ చేసి ప్రాంప్ట్‌లో పేస్ట్ చేస్తే అన్‌బౌండ్ వేరియబుల్ అని తిడుతుంది, మీ మాక్రో తప్పు అనుకోకండి, జెన్‌సిమ్ పుట్టించి హ్యాష్ కోలన్‌తో (#:) కనిపించే పేరుని రీడర్ (టైప్ చేసింది చదివే లిస్ప్ భాగం) చదివిన ప్రతిసారీ కొత్త సింబల్ చేస్తుంది. ప్రింట్-సర్కిల్ అనే సెట్టింగ్‌ని టీ (అంటే ఆన్) చేసి ప్రింట్ చేయిస్తే ఏది ఏదో గుర్తులతో వస్తుంది, పేస్ట్ కూడా పనిచేస్తుంది.

క్లోజర్ (Clojure) అనే ఇంకో లిస్ప్ భాషలో ఈ బాధ కొంచెం తక్కువ, బ్యాక్‌కోట్ లోపల పేరు చివర హ్యాష్ పెడితే అదే జెన్‌సిమ్ చేసుకుంటుంది.

మాక్రో సరిచేశారు, అయినా పాత తప్పే వస్తోందా? వాడిన ఫంక్షన్లని మళ్లీ కంపైల్ చేయండి. అచ్చు మార్చినంత మాత్రాన నిన్న పోసిన ఇటుకలు మారవు కదా, పాత ఎక్స్‌పాన్షన్ ఆ ఫంక్షన్లలో అప్పటికే గట్టిపడిపోయి ఉంటుంది.

ఇక కరెంటు పోయినప్పుడు బయటపడే తప్పు ఒకటుంది. మూడు రోజులుగా ఒకే లిస్ప్ సెషన్‌లో అంతా బ్రహ్మాండంగా నడిచింది. కరెంటు పోయి, బ్యాటరీ అయిపోయి, పొద్దున్నే కొత్తగా స్టార్ట్ చేసి కంపైల్ చేస్తే మాక్రో వాడే హెల్పర్ ఫంక్షన్ లేదంటోంది, ఫైల్లో చూస్తే మాక్రోకి పైనే ఉంది! కారణం ఏంటంటే ఫైల్ కంపైల్ అవుతున్నప్పుడు మాక్రో అప్పుడే నడవాలి, హెల్పర్ మాత్రం కంపైల్ అవుతుందే గానీ అప్పటికి లోడ్ అవ్వదు. పాత సెషన్‌లో అది ముందే లోడై ఉండటంతో తప్పు ఇన్నాళ్లూ దాక్కుంది. హెల్పర్‌ని ఇవాల్-వెన్‌లో చుట్టి కంపైల్-టాప్‌లెవల్, లోడ్-టాప్‌లెవల్, ఎగ్జిక్యూట్ మూడూ ఇవ్వండి, లేదంటే వేరే ఫైల్లో పెట్టి ముందు దాన్ని లోడ్ చేయండి. అప్పటినుంచి నేను రోజూ ఒక్కసారైనా సెషన్ చంపి మళ్లీ మొదటినుంచి కంపైల్ చేస్తున్నా.

లిస్టులో ప్రతి దాని మీదా ఒక ఫంక్షన్ నడిపే మ్యాప్‌కార్‌కి మాక్రో పేరు ఇస్తే కుదరదు, అది ఫంక్షన్ కాదు. నాకు అక్కడే బల్బు వెలిగింది, తరుగు తీయడానికి మాక్రో ఎందుకసలు? డెఫ్‌మాక్రో తీసేసి డెఫన్ (మామూలు ఫంక్షన్ రాసేది) పెట్టి, బ్యాక్‌కోటూ కామాలూ పీకేశా, లెట్ అవసరం కూడా లేకపోయింది. ప్రతి-టిక్కీకి మాత్రం మాక్రోగానే ఉంది, బాడీ కోడ్ తీసుకుంటుంది కాబట్టి. 120 లైన్లకి 120 టిక్కీలు వచ్చాయి. బాబాయి మాత్రం ఇంకా కాగితం మీద కూడి సరిచూసుకుంటున్నాడు.