క్లట్టర్‌లో రాడార్ ట్రాక్ జారిపోకుండా
నేల, అలలు, వాన నుంచి వచ్చే అనవసర ప్రతిధ్వనుల (క్లట్టర్) మధ్య లక్ష్యాన్ని అనుసరించేటప్పుడు, అంచనా స్థానానికి అన్నిటికన్నా దగ్గరగా కనిపించిన ప్లాట్‌నే (రాడార్ ఒక స్కాన్‌లో గుర్తించిన బిందువునే) లక్ష్యమని నమ్మే పద్ధతిని వదిలి, గేటులో (అంచనా స్థానం చుట్టూ గీసిన హద్దులో) పడిన ప్రతి ప్లాట్‌కూ సంభావ్యతను బట్టి విలువనిచ్చే పీడీఏ (ప్రాబబిలిస్టిక్ డేటా అసోసియేషన్) ఫిల్టర్‌ను వాడడం మేలు. రేంజ్ (దూరం), అజిముత్ (దిశాకోణం) అనే రెండు కొలతలకు, నిజమైన ప్లాట్ 99 శాతం సందర్భాల్లో గేటులోనే ఉండాలంటే మహలనోబిస్ దూరపు (కొలతల అనిశ్చితిని లెక్కలోకి తీసుకుని కొలిచే దూరపు) వర్గానికి హద్దు 9.21 అవుతుంది, డాప్లర్ వేగాన్ని మూడో కొలతగా చేర్చితే అది 11.34కు మారుతుంది. డాప్లర్‌ను చేర్చి పాత హద్దునే ఉంచేస్తే, అసలు ప్లాట్లు అనుకున్నదానికన్నా ఎక్కువసార్లు గేటు బయట పడిపోతుంటాయి.

క్లట్టర్ సాంద్రత అంతటా ఒకేలా ఉంటుందని అనుకోకుండా, అనేక స్కాన్ల సగటుతో క్లట్టర్ మ్యాప్ తయారుచేసి, ఫిల్టర్‌కు ఆ చోటి విలువనే అందించాలి. నా దృష్టిలో ఎక్కువ ఫలితమిచ్చే మార్పు ఇదే.

లక్ష్యం రాడార్‌కు అడ్డంగా కదిలినప్పుడు దాని రేడియల్ వేగం (రాడార్ వైపు లేదా దాని నుంచి దూరంగా సాగే వేగం) సున్నాకు చేరి, కదిలే లక్ష్యాలనే చూపే ఎంటీఐ ఫిల్టర్ దానిని కూడా క్లట్టర్‌తో పాటే తొలగిస్తుంది కనుక, అంచనా రేడియల్ వేగం సున్నాకు దగ్గరగా ఉన్నంతసేపు పీడీఏ ఫిల్టర్‌లో గుర్తింపు సంభావ్యతను తగ్గించి, ట్రాక్‌ను తొందరపడి రద్దు చేయకుండా మరికొన్ని స్కాన్లపాటు అంచనాలతోనే కొనసాగించాలి.