అమ్మతో కలిసి కొరియన్ సీరియల్ చూడాలంటే

ముందు రిమోట్ సంగతి. సాయంత్రం సీరియళ్లు అయ్యాకే అడగండి, ఆలోపు అడిగితే విజయనగరంలో ఏ ఇంట్లోనూ ఇవ్వరు. కాలేజీ ప్రేమలు పెట్టకండి, పెద్దవాళ్లకి విసుగు. 2015లో మొదలైన ‘రిప్లై 1988’ పెట్టండి. సియోల్‌లో ఒకే సందులో ఐదు కుటుంబాలు, మొదటి ఎపిసోడ్‌లోనే భోజనాల వేళ కూర గిన్నెలు పట్టుకుని పిల్లలు ఇంటింటికీ తిరుగుతుంటారు, మన వీధిలో పనసపొట్టు కూర తిరిగినట్టే, అమ్మ అక్కడే పడిపోతుంది.

నా లెక్కలో అందులో అసలు ప్రేమకథ కుర్రకారుది కాదు. ఆ కుర్రాళ్లలో సన్‌వూ తల్లికి భర్త పోయాడు, టేక్ తండ్రికి భార్య పోయింది, ఆ ఇద్దరిదీ. తల్లికి తోడు దొరుకుతుంటే కొడుకు లోపల్లోపల నలిగిపోయే సీన్లలో మీరు మధ్యలో మాట్లాడకండి. మా అత్త అయితే “ఆడికేటి బాధ? ఆలమ్మకి తోడక్కర్లేదేటి?” అని టీవీ మీదకే లేచింది.

ఎపిసోడ్లు 20, ఒక్కోటీ దాదాపు గంటన్నర, కాబట్టి సగం సగం చూడండి. సబ్‌టైటిల్స్ అందకపోతే మన యాసలోనే చెప్పేయండి.

తర్వాత 2019 నాటి ‘వెన్ ద కమెలియా బ్లూమ్స్’. ఒంటరి తల్లి, ఆమెని ఇష్టపడే పోలీసు, ససేమిరా అనే అతని తల్లి. మధ్యలో హంతకుడొకడున్నాడు, బీపీ ఉన్నవాళ్లతో అయితే పగలే చూడండి.