స్పానియల్ చెవులు శుభ్రం చేయడం ఎలా?

స్పానియల్ అంటే ‘స్పెయిన్ దేశపుది’ అని అర్థం. పాత ఫ్రెంచి మాట నుంచి వచ్చిన పేరు. ఇప్పుడు మనం చూసే స్పానియల్ జాతులు చాలావరకు తయారైంది మాత్రం బ్రిటన్‌లో. పొదల్లో దూరి పిట్టల్ని లేపడం వీటి పని. ఉడ్‌కాక్ పిట్టల వేటకు వాడింది కాకర్ అయింది, పిట్టను ఉన్నచోటి నుంచి ఎగరగొట్టేది స్ప్రింగర్ అయింది. చల్లటి దేశపు పొదలకు సరిపోయిన ఆ జూలు, ఆ వేలాడే చెవులు తిరుపతి ఎండకూ, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా పడే వానలకూ తట్టుకోవాలంటే వారానికి అరగంట మీరు కూర్చోవాల్సిందే.

కావలసినవి: ఇనుప దువ్వెన, మొన మొద్దుగా ఉన్న కత్తెర, దూది, పాత తువాలు, కుక్కల చెవులకని అమ్మే మందు నీళ్లు. స్పిరిట్ లేనిదే కొనండి.

ముందు దువ్వండి, తర్వాతే స్నానం. చిక్కులు తడిస్తే బిగిసిపోతాయి. చెవి వెనకా, చంకల్లో, తొడల మధ్య చేత్తో తడిమి చూడండి. ఉండకట్టిన చోట కాస్త కార్న్‌ఫ్లోర్ చల్లి, కొసల నుంచి మొదలుకు విడదీయండి. ఎంతకీ రాకపోతే ఉండకూ చర్మానికీ మధ్య దువ్వెన పెట్టి, దాని పైనే కత్తిరించండి. చెవి అంచు చర్మం పల్చన. దువ్వెన అడ్డం లేకుండా కత్తెర ఆడిస్తే తెగేది చెవే. ఎండాకాలం వచ్చిందని వీపు నున్నగా గొరిగించవద్దు. చర్మానికి నేరుగా ఎండ తగులుతుంది, జూలు మళ్లీ పాతలాగా రాకపోవచ్చు కూడా. పొట్ట కింద, పాదాల మధ్య తగ్గిస్తే చాలు.

చెవి రెప్ప, అంటే వేలాడే భాగం, లోపలి వైపు, రంధ్రం చుట్టూ వెంట్రుకలు పొట్టిగా కత్తిరించండి. గాలి ఆడాలి. రంధ్రం లోపలి వెంట్రుకలు మాత్రం పీకవద్దు, పీకిన చోట వాచి చీము పట్టే వీలుంది.

ఇక అసలు పని. చాలామంది చెడగొట్టేది ఇక్కడే. కుక్క చెవి దారి మనిషి చెవి లాంటిది కాదు. ముందు నిలువుగా దిగి, తర్వాత లోపలికి మలుపు తిరుగుతుంది. ఇయర్ బడ్ పెడితే గులిమి బయటికి రాదు, ఆ మలుపులోకి ఇంకా దిగిపోతుంది. కాబట్టి ఇయర్ బడ్ ముట్టనే వద్దు. కొబ్బరి నూనె, వేప నూనె పోసేవాళ్లున్నారు. పైన రెప్ప మూసుకుని, లోపల నూనె జిడ్డు నిలిస్తే ఈస్టు అనే బూజు పెరగడానికి అంతకంటే మంచి చోటు దొరకదు.

మందు సీసాను గోరువెచ్చటి నీళ్లలో కాసేపు ఉంచండి. చల్లటి చుక్క పడితే కుక్క బెదిరి, మళ్లీ చెవి ఇవ్వదు. బల్ల మీద కాదు, నేల మీదే కూర్చోబెట్టండి. రెప్పను నిటారుగా పైకెత్తితే దారి కొంచెం తిన్నగా అవుతుంది. సీసా మొన చెవికి తగలకుండా, రంధ్రం నిండేదాకా పోయండి. నాలుగు చుక్కలతో సరిపెడితే మలుపు దాకా చేరదు. రెప్ప దించి, చెవి మొదట్లో గట్టిగా తగిలే గొట్టాన్ని బొటనవేలితో అరనిమిషం మర్దన చేయండి. లోపల నీళ్లు చిలికిన చప్పుడు వినిపించాలి, వినిపించకపోతే మందు సరిపోనట్టే. తర్వాత వదిలేయండి, తల విదిలించనివ్వండి. గులిమిని పైకి తెచ్చేది ఆ విదిలింపే. అప్పుడు వేలికి దూది చుట్టి, వేలు పోయినంత మేరకే తుడవండి. తడి టిష్యూలకంటే దూదే మేలు, ఎంత మురికి వచ్చిందో, ఏ రంగులో వచ్చిందో దాని మీద తెలుస్తుంది. రెండో చెవికి కొత్త దూది తీసుకోండి.

పుల్లటి వాసన, ఎర్రదనం, చీము, తల ఒక పక్కకు వంచడం, ముట్టుకుంటే అరవడం, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా మందు పోయకండి. కర్ణభేరి చిల్లుపడి ఉంటే కొన్ని మందులు వినికిడినే దెబ్బతీస్తాయి. తుడవకుండానే వెటర్నరీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లండి, పరీక్షకు ఆ మురికే కావాలి. వానల తర్వాత తోటల్లో తిరిగొచ్చిన కుక్క ఉన్నట్టుండి ఒకే చెవి విదిలిస్తుంటే గడ్డి ముల్లు దూరిందేమో అనుకోవాలి. అది కూడా ఇంట్లో లాగే పని కాదు. అదే వేళ రెప్ప మడతల్లో పిడుదులున్నాయేమో చూడండి.

మామూలు రోజుల్లో వారానికి ఒకసారి చాలు. రోజూ చేస్తే చర్మం రేగుతుంది. స్నానం చేయించిన రోజే, ఒళ్లు ఆరిన తర్వాత చేయండి. తిండి గిన్నె లోతుగా, మూతి ఇరుగ్గా ఉన్నది కొంటే చెవులు అన్నంలో పడకుండా పక్కలకు ఉండిపోతాయి.