కొత్త పాకలో గేదె పాలు చేపడం లేదా? ముందు ఇవి చూడండి

కొత్త గేదెను తెచ్చి కట్టేసిన మూడో రోజుకల్లా, గేదె చేపడం లేదని, అంటే పాలు కిందికి దించడం లేదని నాకు ఫోన్లు మొదలవుతాయి. "బాబాయ్, అక్కడ కళ్లముందు పూటకు 6 లీటర్లు పిండి చూపించాడు. ఇక్కడ రెండు లీటర్లు కూడా రావట్లేదు. మోసపోయానా?" అని. నేను అడిగే మొదటి మాట ఒకటే: నిన్న పొద్దున్నుంచి ఎన్ని బకెట్ల నీళ్లు తాగింది? నూటికి తొంభై మంది దగ్గర జవాబు ఉండదు. దాణా మార్చారు, దిష్టి తీశారు, అమ్మినవాడికి పదిసార్లు ఫోన్ చేశారు, నీళ్లు మాత్రం లెక్కపెట్టలేదు. అందుకే అక్కడి నుంచే మొదలుపెడుతున్నాను.

నీళ్లు ముట్టడం లేదు

పాలిచ్చే గేదెకు రోజుకు 60 నుంచి 80 లీటర్ల నీళ్లు కావాలి, ఎండాకాలంలో ఇంకా ఎక్కువే. గేదె పాలలో 80 శాతానికి పైగా ఉండేది నీళ్లే. తాగని గేదె పాలు ఎక్కడి నుంచి తెచ్చిస్తుంది? నిన్నటిదాకా కాలవ నీళ్లు తాగినది మీ బోరు నీళ్ల ఉప్పదనానికి మూతి తిప్పుకుంటుంది. తొట్టిని బ్లీచింగ్‌తో కడిగి ఉంటే ఆ వాసనకు దగ్గరకే రాదు. కొన్నిటికి పుట్టినప్పటి నుంచి కుడితి తప్ప ఉత్త నీళ్లు తాగే అలవాటే ఉండదు.

తొట్టిని ఉత్త నీళ్లతో రుద్ది కడగండి. బకెట్ నీళ్లలో రెండు దోసిళ్ల తవుడు, చిటికెడు ఉప్పు కలిపి మూతి దగ్గర పెట్టండి. రాత్రి పూట కూడా పలుపు అందే దూరంలో నీళ్లు ఉండాలి. చాలావరకు రెండో రోజుకు దారిలో పడతాయి. వారం తర్వాత తవుడు తగ్గించుకుంటూ రావచ్చు.

ఇదే పూటలో థర్మామీటరు కూడా పెట్టి చూడండి. 101 ఫారన్‌హీట్‌కు కొంచెం అటూ ఇటూ ఉంటే మామూలే. 103 దాటితే ఇక్కడ చదవడం ఆపి డాక్టరుకు ఫోన్ చేయండి.

మేత తినడం లేదు, లేదా పేడ పలచబడింది

రోహ్‌తక్, జింద్, హిస్సార్ లాంటి హర్యానా ఊళ్ల వైపు నుంచి లారీలో వచ్చిన ముర్రా గేదె అక్కడ గోధుమ పొట్టు, బర్సీం అనే పచ్చిమేత తిని పెరిగింది. మన దగ్గర వరిగడ్డి, జొన్న చొప్ప, సూపర్ నేపియర్ గడ్డి. దాని కడుపులో మేతను అరిగించే సూక్ష్మజీవులు కొత్త మేతకు సర్దుకోవడానికి వారం పది రోజులు పడుతుంది. ఈలోగా "పాపం, ప్రయాణంలో చిక్కిపోయింది" అని జాలిపడి తొట్టి నిండా దాణా పోస్తే పులిసిన వాసనతో పేడ జారుతుంది, నెమరు ఆగిపోతుంది.

మొదటి రోజు ఎండు మేత, నీళ్లు, అంతే. రెండో రోజు నుంచి నాలుగో వంతు దాణా ఇచ్చి, పది రోజుల్లో పూర్తి మోతాదుకు తేవాలి. వీలైతే అమ్మినవాడి దగ్గరే రెండు బస్తాల పాత మేత కొని తెచ్చుకుని కలిపి పెట్టండి. ఎడమ పక్క డొక్క ఉబ్బి బిగుసుకుంటే మాత్రం ఇంటి వైద్యం చేస్తూ కూర్చోకండి, వెంటనే డాక్టరును పిలవండి.

రాత్రంతా అరుస్తోంది, పలుపు లాగుతోంది

ఒంటరితనం. గేదె మందలో బతికే జీవం. కొత్తదాన్ని మూడు వారాలు విడిగా ఉంచాలన్నది నిజమే, పాత గేదెలకు రోగాలు అంటకుండా అది తప్పనిసరి. కానీ విడిగా అంటే నాలుగు గోడల మధ్య కాదు. మిగతావి కంటికి కనబడేలా, తొట్టి మాత్రం కలవకుండా కొంచెం ఎడంగా కట్టండి. దూడ ఉంటే పక్కనే. పోట్లాటల సంగతి మూడు వారాల తర్వాత చూసుకోవచ్చు, ఒక వరుస చివర కట్టేస్తే రెండు మూడు రోజుల్లో సద్దుమణుగుతాయి.

రేకుల పాక అయితే మధ్యాహ్నం రెండుసార్లు ఒళ్లంతా తడపండి. నల్లని చర్మం, చెమట గ్రంథులు తక్కువ, వేడికి గేదె ఆవు కన్నా త్వరగా అలసిపోతుంది.

అన్నీ బాగున్నాయి, అయినా పాలు చేపడం లేదు

ఇక అసలు విషయం. నీళ్లు తాగుతోంది, తింటోంది, నెమరు వేస్తోంది, జ్వరం లేదు. పొదుగు నిండుగా ఉంది. కానీ పిండబోతే నాలుగు చుక్కలు. ప్రయాణ బడలికకు పాలు నాలుగైదు రోజులు తగ్గడం సహజం, దానికి టెన్షన్ పడక్కర్లేదు. వారం దాటినా పొదుగు నిండుగా ఉండి కూడా రాకపోతే, అక్కడ దాన్ని ఎలా చేపించేవారో ఆలోచించాలి.

పదేళ్ల కిందట నేను ఒక సంతలో ఈని నెల దాటని గేదెను కొన్నాను. మూడు పూటలు దగ్గరుండి పిండించాను, లెక్క సరిగ్గానే వచ్చింది. ఇంటికొచ్చాక పూటకు లీటరున్నర. దూడను వదిలాను, దాణా మార్చాను, పిండే మనిషిని మార్చాను. పన్నెండు రోజులు అలాగే గడిచాయి. పదమూడో రోజు నీరసంగా ఉందని డాక్టరు గారు బి-కాంప్లెక్స్ సూది వేశారు. మెడలో సూది దిగిన నిమిషానికి చన్నులు బిగిసి పాలు కారడం మొదలైంది. నేను బిత్తరపోయాను. డాక్టరు గారు నా వైపు చూసి, "దీనికి రోజూ సూదితోనే పిండేవారయ్యా" అన్నారు.

ఆ సూది ఆక్సిటోసిన్. దూడ చీకినప్పుడు, పొదుగు నిమిరినప్పుడు గేదె మెదడు నుంచి సహజంగా విడుదలయ్యే హార్మోనే అది. ఆవు పొదుగులో కొంత పాలు కింది గదిలో ముందే దిగి ఉంటాయి. గేదెలో అలా కాదు, 95 శాతం దాకా పైన సన్నని పాల గదుల్లోనే నిలిచి ఉంటాయి. ఈ హార్మోను విడుదలై ఆ గదులను పిండితే తప్ప కిందికి దిగవు. బెదురు, కొత్త చోటు, కొత్త మనిషి దాన్ని ఆపేస్తాయి. రోజూ బయటి నుంచి సూదితో ఇస్తూ పోతే, దూడకూ చేతి స్పర్శకూ శరీరం స్పందించడం తగ్గిపోతుంది. సూది గుచ్చుకోవడమే సంకేతం అయిపోతుంది. మీ ఇంట్లో సూది లేదు, కాబట్టి చేపు లేదు.

దూడ చచ్చిపోయిన గేదెలకు, దూడను త్వరగా వేరు చేసిన డెయిరీల గేదెలకు ఇది ఎక్కువ. పొదుగును చూసి కనిపెట్టలేం, అమ్మినవాడు చెప్పడు. గేదె మెడ మీద వరసగా చిన్న గడ్డలు తగులుతాయేమో తడిమి చూడండి. సంతలో దూడను పక్కన కట్టారు కదా అని ధీమా వద్దు. అది దాని దూడేనా? సొంత దూడనైతే తోక కింద వాసన చూసి నాకుతుంది, పరాయిదైతే తన్నో పొడిచో తోసేస్తుంది.

సరిచేయడానికి ఓపిక కావాలి. మందుల షాపులోనో దాణా కొట్టులోనో లేబుల్ లేని చిన్న సీసా కొనుక్కొచ్చి మీరూ పొడవడం మొదలుపెట్టకండి. జంతు హింస నివారణ చట్టం 1960లోని 12వ సెక్షన్ ప్రకారం పాల కోసం పశువుకు హాని చేసే ఇంజెక్షన్ ఇవ్వడం నేరం. డాక్టరు చేతనే, ఆయన చెప్పిన మోతాదులో, రోజురోజుకూ తగ్గించుకుంటూ రావాలి. మా గేదెకు డాక్టరు గారు మధ్యలో కొన్ని రోజులు ఉత్త సెలైన్ సూది వేశారు. గుచ్చిన అలవాటుకే చేపింది. ఆ సూది పని చేస్తుండగానే దూడను, దాణాను, చేతి స్పర్శను దాని పక్కన చేర్చాం. మూడు వారాలకు సూది పూర్తిగా మానేశాం.

ఆ మూడు వారాలూ పాటించింది ఇదీ: ఒకే మనిషి, ఒకే వేళ, ఒకే చోటు. పిండే ముందు దాణా ముందు పెట్టడం. గోరువెచ్చని నీళ్లతో పొదుగు కడిగి, పొడి గుడ్డతో తుడిచి, అరచేతితో పై నుంచి కిందికి రెండు నిమిషాలు నిమరడం. గేదె ఆవు కన్నా ఆలస్యంగా చేపుతుంది, ఆ రెండు నిమిషాలు ఆగలేకపోతే ఏదీ పని చేయదు. చన్నులు బిగిశాక మాత్రం ఆగకుండా పిండేయాలి, ఎందుకంటే హార్మోను ప్రభావం కొద్ది నిమిషాలే. కుక్కల్ని, అరుపుల్ని, కొత్త మనుషుల్ని దూరం పెట్టాం. కొట్టడం అసలే లేదు. ఒక్క దెబ్బ వారం పనిని వెనక్కి తీసుకుపోతుంది.

ఈ రోజుల్లో పాలు పొదుగులో మిగిలిపోతుంటాయి కాబట్టి పొదుగు వాపు వచ్చే ప్రమాదం ఎక్కువ. ప్రతి పూటా మొదటి ధారలు నల్లని గుడ్డ మీద పిండి చూడండి. తెల్లని తునకలు, నీళ్లలాంటి పాలు, ఒక చన్ను వేడిగా ఉండటం కనిపిస్తే అదే రోజు డాక్టరు.

ఈసారి కొనేటప్పుడు మొదటి పూట పాలు లెక్కలోకి తీసుకోకండి, ముందు పూట పిండకుండా నిలబెట్టి ఉంటారు. తర్వాతి మూడు పూటలకు చెప్పకుండా అరగంట ముందే వెళ్లి, దూడను విప్పిన దగ్గర నుంచి ఆఖరి ధార దాకా గేదె పక్కనే నిలబడండి. "మీరు టీ తాగండి, నేను కట్టేసి వస్తాను" అంటే ఆ టీ వద్దు. నేను మూడు పూటలు నిలబడ్డాను గానీ, ప్రతి పూటా ముందు ఐదు నిమిషాలు టీ కొట్టు దగ్గర ఉన్నాను. సూది వేసింది, నేను మోసపోయింది ఆ ఐదు నిమిషాల్లోనే.

మిగతావి అరుదు

గిరగిరా తిరగడం, కళ్లు కనబడనట్టు గోడకు గుద్దుకోవడం సర్రా (రక్తంలో చేరే పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు) కావచ్చు. గొంతు వాపుతో ఊపిరాడకపోతే గొంతువాపు వ్యాధి. ఎర్రని మూత్రం, పిడుదులు ఉంటే రక్త పరీక్ష. వీటికి ఊహాగానాలు పనికిరావు, ఆంధ్రలోనైనా తెలంగాణలోనైనా 1962కు ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది. గాలికుంటు, గొంతువాపు టీకాలు ఎప్పుడు వేశారో అమ్మినవాడిని అడిగి రాసుకోండి, చెప్పలేకపోతే వేయలేదనుకుని డాక్టరుతో మాట్లాడి వేయించండి.