కిచెన్ కప్‌బోర్డులు బిగించే ముందు ఇంటిని, బాక్సులను ఎలా సిద్ధం చేసుకోవాలి?

కప్‌బోర్డుల బండి ఇంటి ముందు ఆగాక, "అన్నా, గోడ ఇంకా కొంచెం తడిగుంది, నడుస్తదా?" అని అడిగేవాళ్లు నాకు తరచూ తగులుతుంటారు. నడవదు. హైదరాబాద్‌లో మాడ్యులర్ కిచెన్లు బిగించడమే నా పని. బిగింపు ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. అసలు కష్టమంతా అంతకు ముందు వారంలోనే ఉంటుంది. అందులో సగం ఇంటివాళ్లు చూసుకోవాల్సిందే.

గోడ తడి చూడండి

టైల్స్, పుట్టీ, కనీసం ఒక కోటు పెయింట్ అయిపోయి ఉండాలి. అడుగు చదరం పాలిథిన్ ముక్కను గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా అతికించి, మర్నాడు తీసి చూడండి. లోపల చెమ్మ పట్టిందంటే ఆ గోడ ఇంకా ఆరలేదు. వానాకాలంలో ఈ పరీక్ష తప్పకుండా చేయండి. వంటింటి గోడకు అవతల బాత్రూం ఉంటే, లీకేజీ లేదని తేల్చుకున్నాకే బాక్సులు, అంటే కప్‌బోర్డుల డబ్బాలు, తెప్పించండి.

గోడలో ఏముందో తెలుసుకోండి

ఇల్లు కట్టేటప్పుడే, ప్లాస్టరింగ్‌కు ముందు, పైపుల పక్కన కొలత టేపు పెట్టి ఫొటోలు తీసుకుంటే బంగారం. లేకపోతే కుళాయిలకు, స్విచ్ బోర్డులకు నేరుగా పైన, కింద డ్రిల్ పెట్టనివ్వకండి. మివాన్ పద్ధతిలో, అంటే గోడలు కూడా అచ్చుల్లో కాంక్రీటు పోసి కట్టిన టవర్లలో వైరు పైపులు కాంక్రీటు లోపలే ఉంటాయి. తెల్లటి, తేలికైన ఏఏసీ బ్లాకు గోడైతే స్క్రూ కోసం రంధ్రంలో దించే మామూలు ప్లాస్టిక్ గిట్టీ గట్టిగా పట్టదు, ఆ గోడలకు తగిన పొడుగు ఫాస్టెనర్లు కావాలి. మీది ఏ గోడో ఫిట్టర్‌కు ముందే చెప్పండి.

మియాపూర్‌లో ఒక ఫ్లాట్‌లో నేను ఇవేవీ అడగకుండా డ్రిల్ బిట్ దించాను. బయటికి తీయగానే పెన్ను మందాన నీళ్లు చిమ్మి, విప్పిన కొత్త షట్టర్ల (కప్‌బోర్డు తలుపుల) మీద పడ్డాయి. నీళ్లు ఆపే వాల్వు, పైపులు వెళ్లే షాఫ్ట్‌లో ఉంది. షాఫ్ట్ తాళం వాచ్‌మన్ దగ్గర. వాచ్‌మన్ భోజనానికి వెళ్లాడు. అప్పటి నుంచి ఏ ఇంటికెళ్లినా నా మొదటి ప్రశ్న: "వాల్వు ఎక్కడుంది?"

నేల మట్టం తీయించండి

అందరూ ఎగరగొట్టేసేది ఇదే. వంటింటి నేల చూపుకు సమంగానే ఉంటుంది. నీళ్లు పోవడానికి మేస్త్రి పెట్టిన వాలు మాత్రం టేపు పెడితేనే బయటపడుతుంది.

లేజర్‌తోనో, నీళ్లు నింపిన ట్యూబ్‌తోనో గోడల మీద చుట్టూరా ఒకే మట్టంలో గీత కొట్టండి. అడుగుకొకచోట ఆ గీత నుంచి నేలకు కొలవండి. ఎక్కడ అంకె అతి తక్కువో, నేల అక్కడ ఎత్తు. కింది బాక్సుల లెక్క అక్కణ్నుంచే మొదలవ్వాలి. ఒక మూల 1000 మి.మీ., ఇంకో మూల 988 వచ్చిందనుకోండి. బాక్సు ఎత్తు 720, దాని కింద తిప్పి ఎత్తు సరిచేసే కాళ్లు 100, మొత్తం 820. 988లోంచి 820 తీసేస్తే 168. అంటే గీతకు 168 మి.మీ. కింద బాక్సుల పైఅంచు వస్తుంది. పల్లపు మూలలో కాలు తిప్పి 112కు లేపితే సరి. పల్లం నుంచి మొదలుపెట్టారో, ఎత్తు మూలకొచ్చేసరికి కాలు 88కి దిగాలి. అంత కిందికి దిగని కాళ్లే ఎక్కువ. అప్పుడు బాక్సు అడుగు కోయాల్సి వస్తుంది.

ఇప్పటికే గ్రానైట్ గట్టు ఉన్న ఇంట్లో ఒక్కో ఖాళీని మూడేసి చోట్ల అడ్డంగా, నిలువుగా కొలిచి, అన్నిటికంటే తక్కువ వచ్చిన కొలతే కార్పెంటర్‌కు ఇవ్వండి. గట్టును మోసే కడప రాయి నిలువులు తిన్నగా నిలబడ్డ వంటిల్లు నాకు ఇంతవరకూ తగల్లేదు.

సింక్ డ్రైన్, ఓవెన్‌కు 16 ఆంప్స్ ప్లగ్గు, చిమ్నీ పాయింట్ డ్రాయింగ్‌లో చూపిన చోటే ఉన్నాయో లేదో అదే టేపుతో చూసేయండి. సిలిండర్ కప్‌బోర్డులో పెట్టేటట్టయితే షట్టర్ అడుగున గాలి రంధ్రాలు తప్పనిసరి. వంటగ్యాస్ గాలి కంటే బరువు, లీకైతే కిందే పేరుకుంటుంది.

బాక్సులు వచ్చాక

అపార్ట్‌మెంట్ అయితే లిఫ్టుకు, డ్రిల్లింగ్ వేళలకు అసోసియేషన్ అనుమతి ముందే తీసుకోండి. ఏడడుగుల నిలువు కప్‌బోర్డు లిఫ్టులో పడుతుందో లేదో కూడా కొలవండి. మెట్ల మీద మోయాలంటే కూలీ వేరే.

బాక్సుల పలకలను గోడకు ఆనించకండి, వంగిపోతాయి. నేల మీద మూడు నాలుగు కర్ర పట్టీలు వేసి వాటిపై పడుకోబెట్టండి. బాల్కనీలో వద్దు. బిగించే ముందు రెండు రోజులు ఇంట్లోనే ఉండనివ్వండి, చెక్క ఆ గాలికి అలవాటు పడుతుంది.

ఆలోగా డ్రాయింగ్ పట్టుకుని లెక్క సరిచూసుకోండి. మెరైన్ ప్లై అని డబ్బు కట్టి ఉంటే పలక మీద ఆ రకం ప్లైకి ఉండే ప్రమాణం ఐఎస్ 710 ముద్ర వెతకండి. పలక అంచుకు అతికించిన పట్టీ, ఎడ్జ్ బ్యాండ్, గోటితో గీకితే లేవకూడదు. కీలు కూర్చునే 35 మి.మీ. గుంటలు ఎడమ షట్టర్‌కు ఎడమవైపు, కుడిదానికి కుడివైపు ఉన్నాయా? మాస్కింగ్ టేపు మీద డ్రాయింగ్‌లోని నంబరు రాసి ఒక్కోదానికి అంటించండి. సింక్ కింది బాక్సులో పైపు కోసం కోసిన అంచులకు సిలికాన్ పూయించండి, నీళ్లు తాగేది ఆ పచ్చి అంచే. షట్టర్ల మీది ప్లాస్టిక్ పొర మాత్రం చివరిదాకా ఒలవకండి. పిల్లలకు అది మహా సరదా, జాగ్రత్త.

ఫిట్టర్లు వచ్చిన రోజు, గట్టు ఇంకా లేని ఇల్లయితే, పై బాక్సులతోనే మొదలుపెట్టమనండి. కిందివి ముందు బిగిస్తే, నిచ్చెన తేకుండా వాటి మీదెక్కి నిలబడతారు. నేనూ నిలబడ్డవాణ్నే.