రాజ్యాంగం పాఠం రేవు దగ్గర మొదలెట్టండి

మన గోదారి డెల్టాలో జడ్పీ హైస్కూళ్ళలో సోషల్ చెప్పే మాస్టార్లకీ మేడమ్‌లకీ రాస్తున్నానండి. రాజ్యాంగం పాఠం రాగానే ఎక్కువమంది చేసేది ఒకటే, పీఠిక బట్టీ పట్టించడం, మొదట్లో 395 అధికరణలు, 8 షెడ్యూళ్ళు, 2 ఏళ్ళ 11 నెలల 18 రోజులు అని బోర్డు మీద రాసి బిట్లు చెప్పేయడం. బిట్లు మానేయమనట్లేదు, పరీక్షలో వస్తాయి కదా, కాకపోతే అవి చివరాఖర్న పెట్టుకోండి.

ముందు 15వ అధికరణ రెండో క్లాజు చదివించండి. కులం, మతం, ఆడా మగా, పుట్టిన చోటు ఇలాంటివి చూసి ఎవర్నీ షాపుల్లోకి, హోటళ్ళలోకి రావద్దనకూడదు, ప్రభుత్వ డబ్బుతో నడిచే బావులు, చెరువులు, స్నానాల రేవులు, రోడ్లు వాడుకోవద్దనకూడదు అని ఉంటుంది. రేవు అనగానే మన పిల్లలు తలెత్తుతారు. వెంటనే ఊరి మ్యాప్ గీయమనండి, ఊరచెరువు, పంటకాలవ, రేవులు, గుడి, చర్చి, పేటలు, శ్మశానం అన్నీ. ఏ రేవు ఎవరు వాడతారు, నానమ్మల చిన్నప్పుడు ఎలా ఉండేదో ఇంట్లో అడిగి రాసుకురమ్మనండి. ఒక్క జాగ్రత్త, మీది ఏ పేట అని ఏ పిల్లనీ క్లాసులో అందరి ముందూ అడక్కండి, కాగితాలు పేర్లు లేకుండా తీసుకుని మీరే చదవండి. అంటరానితనం రద్దు చేసిన 17వ అధికరణ ఆ తర్వాత చెప్తే దానంతటదే ఎక్కుతుంది.

కోనసీమ బడైతే జిల్లా పేరు గురించి ఎవడో ఒకడు అడుగుతాడు, జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం మీద 2022లో అమలాపురంలో జరిగిన గొడవ ఇళ్ళల్లో మాట్లాడుకున్నదే కదా. తప్పించుకోకండి, అలాగని తీర్పులూ చెప్పకండి. 19వ అధికరణ తీసి చదివించండి. అభ్యంతరం చెప్పొచ్చు, ఆయుధాల్లేకుండా శాంతిగా గుమిగూడొచ్చు అని ఉంది, ఇళ్ళు తగలెట్టొచ్చని ఎక్కడా లేదు.

ఇక అసలు ఆట. దాళ్వాకి, అంటే రెండో పంటకి, నీళ్ళు తక్కువొచ్చాయి, వంతులవారీగా ఇస్తారు, రూల్స్ మీరే రాయండి అని పిల్లల్ని గుంపులుగా కూర్చోబెట్టండి. రాయడం అయ్యాకే డబ్బాలోంచి చీటీలు తీయించండి: ఎగువ రైతు, కాలవ చివరుండే శివారు రైతు, కౌలు రైతు, కూలి, రొయ్యల చెరువాయన, కాలవ నీళ్ళతో నిండే ఊరచెరువు నుంచే తాగునీళ్ళు తెచ్చుకునే ఆవిడ. శివారు చీటీ వచ్చినోడు గొల్లుమంటాడు చూడండి! రూల్ మార్చాలంటాడు, మార్చొచ్చు, కానీ మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలనండి. 368వ అధికరణ ప్రకారం రాజ్యాంగ సవరణకి పార్లమెంటులో కావాల్సిన ఓట్లు దాదాపు ఇవేనని అప్పుడు చెప్పండి, 1976లో 42వ సవరణతో పీఠికలోకి సామ్యవాద, లౌకిక అనేవి చేరాయనీ, 1978లో 44వ సవరణతో ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల్లోంచి పోయిందనీ కూడా ఇక్కడే కలిపేయండి. ఈ ఆటకి రెండు పీరియడ్లు ఇవ్వండి, తొందరపెడితే పాడైపోద్ది.

రాజ్యాంగ సభ అంటే ఢిల్లీలో ఎవరో పెద్దోళ్ళు అనుకుంటారు పిల్లలు. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్ ఆ సభలో సభ్యురాలని చెప్పండి. 1923 కాకినాడ కాంగ్రెస్ సభలప్పుడు ఎగ్జిబిషన్ గేటు దగ్గర వాలంటీరుగా ఉండి, టికెట్ లేదని నెహ్రూనే ఆపేసిందావిడ, అప్పటికి మన తొమ్మిదో క్లాసు పిల్లల వయసే. చట్టం ముందు అందరూ సమానమనే 14వ అధికరణకి ఇంతకన్నా కథేం కావాలి.

మధ్యాహ్న భోజనం కంచాలు కడిగే టైంలో ఇంకో ప్రశ్న వేయండి, ఈ అన్నం ఎవరి దయ అని. ప్రభుత్వం, సీఎం, హెడ్‌మాస్టారు, ఇవే వస్తాయి. ఇప్పుడీ పథకానికి ఆకలన్నోళ్ళకల్లా అన్నం పెట్టిన మన లంకల గన్నవరం డొక్కా సీతమ్మగారి పేరుంది, ఆవిడ పెట్టింది నిజంగా దయే. కానీ బళ్ళో వండి పెట్టి తీరాలని 2001 నవంబర్ 28న సుప్రీంకోర్టు రాష్ట్రాలన్నింటికీ ఆర్డరేసింది, ఆ కేసు నడిచింది 21వ అధికరణ, జీవించే హక్కు మీద. ఉప్మాలాంటి అన్నం పెడితే ఎవర్ని అడగాలో పిల్లలే లెక్కేసుకుంటారు.

ఇప్పుడు బిట్లు చెప్పుకోండి. ఇదంతా నవంబర్ 26 రాజ్యాంగ దినోత్సవం దాకా ఆపొద్దు, ఆ రోజు పీఠిక చదివించి ఫొటోలు తీసి అప్‌లోడ్ చేయడంతోనే సరిపోద్ది, పైగా ఊళ్ళో సార్వా (తొలి పంట) కోతలు, మాసూళ్ళు ఉంటాయి కాబట్టి నీళ్ళ ఆట అక్టోబర్‌లోనే కానిచ్చేయండి.